ఆ మాటకు అర్థం రాసి పంపగలరు

వంటింటి బల్ల దగ్గర
జూన్ 3

చిన్నీ,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు రాయలేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. ఏం చెయ్యను, ఆఫీసులో తల ఎత్తే తీరిక లేదు. మా ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఎట్టకేలకు ‘ఆర్’ అక్షరంలోకి వచ్చింది. ఆ అక్షరం మొత్తం నా నెత్తిన పడింది. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. దాని మీద అర్థం, అర్థం కింద వాడుక చూపించే వాక్యాలు. వాక్యం కుదరకపోతే మా సంపాదకులు, అదే మా పెద్దాయన, ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి నా బల్ల మీద పడేస్తారు. రోజుకి గుప్పెడు కార్డులు అలా పోతాయి. వెనకవైపు శుభ్రంగా ఉన్న అట్టని పారెయ్యాలంటే నాకు ప్రాణం ఒప్పదని నీకు తెలుసుగా. అందుకే ఈ ఉత్తరం కూడా వాటి మీదే రాస్తున్నాను. మూలన అంకెలు వేశాను, వరసగా చదువుకో.

పిడుగు బాగుంది. నిన్న బడి నుంచి ఒంటి చెప్పుతో వచ్చింది. రెండోది ఏదే అని అడిగితే, "దానికి నిద్రొచ్చింది, అక్కడే పడుకుంది" అంది. నవ్వాలో తిట్టాలో తెలియక నేనే వెళ్లి తెచ్చాను. బాగా పొడుగైంది. పోయినేడాది కుట్టించిన గౌన్లన్నీ మోకాళ్ల పైకి పోయాయి.

నీ ఒంట్లో ఎలా ఉంది? మాత్రలు మానలేదు కదా? డాక్టరు ఏమన్నారో ఒక్కసారి కూడా సరిగ్గా రాయవు. నాలుగేళ్ల కిందట నిన్ను శానిటోరియంలో దింపి, పదకొండు నెలల పిడుగుని భుజాన వేసుకుని వచ్చిన రోజు నా కళ్లముందే ఉంది. అప్పటికి దాని నాన్న పోయి మూడు నెలలు కూడా కాలేదు. శానిటోరియం వదిలి పనిలో చేరావు కదా అని తొందరపడకు తల్లీ. ఊపిరితిత్తుల జబ్బుతో ఆటలొద్దు.

అన్నట్టు, బావ తరఫు ప్లీడరు నీకు ఏవో కాగితాలు పంపుతారు. పిడుగు బడి వ్యవహారమే. సంతకం చేసి వెనక్కి పంపెయ్యి. కంగారుపడాల్సిందేమీ లేదు.

నీ అక్క


కళ్లద్దాల వర్క్‌షాపు, మేడమీద గది
జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం చదివాను. వెనకవైపు కూడా చదివాను.

నన్ను తిట్టకు. రోజంతా అద్దాలు అరగదీసే పని నాది. ఒక వైపు చూశాక తిప్పి రెండో వైపు చూడకపోతే మా యజమానురాలు ఊరుకోదు. ఆ అలవాటు చేతికి పట్టేసింది. మొదటి రెండు కార్డుల వెనక ఏదో రెజిమెంటు, రిజిస్టరు. మూడో దాని వెనక నువ్వు రాసినది ఇదీ: ‘రాజు సింహాసనాన్ని వదులుకున్నాడు.’ సరే, బాగుంది. దాని కింద, ‘తల్లి తన బిడ్డపై హక్కును వదులుకుంది.’ నాలుగో కార్డు వెనక, ‘తల్లి తన బిడ్డపై హక్కును ఇష్టపూర్వకంగా వదులుకుంది.’ ఐదో దాని మీద, ‘బిడ్డ మేలు కోరి తల్లి తన హక్కును వదులుకుంది.’ అన్నిటి మీదా మీ పెద్దాయన ఎర్రగీత ఉంది.

ఏమే అక్కా, మీ నిఘంటువులో రాజులు అయిపోయారా? ఎంతసేపూ ఆ తల్లి వెంట పడ్డావేం?

ఊరికే అడిగాను. పొద్దున్నుంచి పన్లో మనసు నిలవక రెండు అద్దాలు పాడు చేశాను. యజమానురాలు కళ్లజోడు మీంచి చూసి, "ఇవాళ నీ కళ్లు ఎక్కడున్నాయమ్మా?" అంది. నీ కార్డుల మీదున్నాయని ఎలా చెప్పను?

నా ఆరోగ్యం బాగానే ఉంది. డాక్టరు చూస్తున్నారు. ఇంకేం రాయను.

పిడుగు నా ఉత్తరాలు వచ్చినప్పుడు ఏమైనా అడుగుతుందా? ఈసారి మర్చిపోకుండా రాయి. ప్రతిసారీ చెప్పుల గురించీ గౌన్ల గురించీ రాస్తావు, ఇది మాత్రం దాటేస్తావు.

నీ చెల్లి


నిఘంటువు ఆఫీసు
జూన్ 18

చిన్నీ,

చూశావా, ఈసారి గీతల కాగితం మీద రాస్తున్నాను. నీ కళ్లకి పని తగ్గిద్దామని.

అవి నా పనికి సంబంధించిన వాక్యాలు. ‘రెలింక్విష్’ అనే మాట ఉంది ఇంగ్లీషులో. పెద్దమనుషుల మాట, దస్తావేజుల మాట. ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు వాడరు. పదవికీ, హక్కుకీ, ఆస్తికీ, పట్టుకున్న పట్టుకీ వాడతారు. అన్ని రకాల వాడుకలకీ వాక్యాలు రాయాలి కదా. రేపు ‘రాబర్’ అనే మాట వస్తుంది. దొంగ మీద పది వాక్యాలు రాస్తాను. అప్పుడు అక్క దొంగతనానికి దిగిందని ఉత్తరం రాస్తావా?

నువ్వు ఎప్పుడూ ఇంతే. చిన్నప్పుడు కూడా నేను తలుపు వేసుకుని చదువుకుంటే, లోపల నీకు పెట్టకుండా ఏదో తింటున్నానని తలుపు బాదేదానివి.

కాగితాలు ఈపాటికి వచ్చి ఉంటాయి. నెలాఖరులోపు పంపెయ్యి. బావకి తొందరగా ఉంది.

నీ అక్క


కళ్లద్దాల వర్క్‌షాపు, మేడమీద గది
జూన్ 24

అక్కా,

కాగితాలు వచ్చాయి. నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషే. నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టారు. ఎంత శ్రద్ధ!

నాకు ఇంగ్లీషు సరిగ్గా రాకపోవచ్చు, అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. రెండో పేజీలో నా పేరుంది. పక్కనే ‘రెలింక్విష్’ ఉంది. ఆ తర్వాత పిడుగు పేరుంది. బడి మాట ఎక్కడా లేదు.

కింద లెక్కలు రాసే ఆయన్ని అడిగాను. "అంటే ఇచ్చేయడం" అన్నాడు. యజమానురాలిని అడిగితే, "ఏదైనా పదవిలోంచి తప్పుకోవడంలాంటిదమ్మా. నీకేం పదవి ఉంది?" అని నవ్వింది. నాకు ఏం పదవి ఉందో ఆవిడకి చెప్పలేకపోయాను.

ఇన్నేళ్లుగా మాటలకి అర్థాలు చెప్పి బతుకుతున్నావు. నీ సొంత చెల్లెలికి ఒక్క మాటకి అర్థం చెప్పలేవా? నాకు తెలిసే ఉంటుందని అనుకోకు. నేను తప్పుగా అర్థం చేసుకుంటున్నానేమో, ఇది నిజంగా బడి కాగితమేనేమో అని ఐదు రోజులుగా నన్ను నేనే సముదాయించుకుంటున్నాను. నాకు అన్నం సయించడం లేదు. భయంగా ఉంది అక్కా. వెంటనే రాయి.

చెల్లి


కళ్లద్దాల వర్క్‌షాపు
జూలై 4

నిఘంటువు కార్యాలయం వారికి,

అయ్యా,

నేను కళ్లద్దాలు అరగదీసే పనిలో ఉన్నాను. మీరు ఇంతవరకు అచ్చువేసిన సంపుటాల వెనక అట్ట మీద, ‘సందేహం ఉన్న పాఠకులు మాకు రాయవచ్చు, ప్రతి ఉత్తరానికీ ఆ అక్షరం చూసేవారే జవాబు ఇస్తారు’ అని ఉంది. ఆ మాట నమ్మి రాస్తున్నాను. నా ఇంటివాళ్లని అడిగాను, పది రోజులైనా జవాబు లేదు.

‘రెలింక్విష్’ అనే ఇంగ్లీషు మాటకు సరైన అర్థం ఏమిటి? ఎవరు వాడాలి, దేని గురించి వాడాలి? ఒకసారి అలా చేశాక, మళ్లీ కావాలంటే తీసుకోవచ్చా? నాకు ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సిన అవసరం ఉంది. అందుకని దయచేసి ఆ మాటకు అర్థం రాసి పంపగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు


నిఘంటువు కార్యాలయం, ‘ఆర్’ విభాగం
జూలై 10

పాఠకురాలికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన మాటకు మేము నిర్ణయించిన అర్థం: తనదైన హక్కును, పదవిని, ఆస్తిని, లేదా పట్టును తానుగా వదులుకోవడం.

ఇందులో ‘తనదైన’ అన్నది ముఖ్యం. తనది కానిదాన్ని ఎవరూ వదులుకోలేరు. కాబట్టి ఒక మనిషి చేత ఈ మాట మీద సంతకం పెట్టించుకుంటున్నారంటే, ఆ హక్కు ఆ క్షణందాకా ఆ మనిషిదేనని అడిగినవాళ్లు ఒప్పుకున్నట్టే.

దీన్ని వాడేటప్పుడు ‘కొన్నాళ్లపాటు’ వంటి మాటలు సాధారణంగా చేర్చరు. దాచుకోమని ఇచ్చినదానికి, చూసుకోమని అప్పగించినదానికి ఇది వాడరు. వాటికి వేరే మాటలున్నాయి. వదులుకున్నాక తిరిగి తీసుకోవచ్చా అని అడిగారు. చట్టం సంగతి ప్లీడరు చెప్పాలి. మాట వరకే అయితే, ఇందులో తిరిగి తీసుకోవడం లేదు.

ఇష్టం లేకుండా లాక్కున్నప్పుడు ఈ మాట పొసగదు. అర్థం తెలియకుండా సంతకం పెట్టినప్పుడు కూడా పొసగదని మా అభిప్రాయం.

ఇట్లు,
‘ఆర్’ విభాగం
(సరిచూశాను. జవాబు ఆలస్యమైనందుకు పాఠకురాలు మన్నించాలి. — సంపాదకుడు)


ఆఫీసు మెట్ల మీద
జూలై 10

చిన్నీ,

రెండు కవర్లూ ఒకే డబ్బాలో వేస్తాను. ఏది ముందు విప్పుతావో నీ ఇష్టం.

నీ దస్తూరీ మా ఆఫీసులో ఎవరికీ తెలియదనుకున్నావా? పెద్దాయన కవరు నా బల్ల మీద పెట్టి, "మీ అక్షరమేనమ్మా" అని వెళ్లిపోయారు. నేను ముందు ‘అప్పగించడం’ అని రాసి పట్టుకెళ్లాను. ఆయన గీత కొట్టారు. "అప్పగిస్తే రేపు తిరిగి అడగొచ్చు కదమ్మా. ఇది అది కాదుగా" అన్నారు. ‘బాధ్యత నుంచి తప్పుకోవడం’ అని మార్చాను. మళ్లీ గీత. మూడోసారి నా మొహంలోకి చూసి, "పాపం ఆవిడెవరో సంతకం పెట్టాలిట. నిజం రాయండి" అన్నారు. ఆయనకి ఎంత తెలుసో నాకు తెలియదు. బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చి వచ్చాను. వచ్చి నిజం రాశాను.

మిగతా నిజం కూడా విను. బావకి విదేశంలో వంతెనల పని వచ్చింది. ఆరేళ్లు. ఈ నెల ఇరవై ఎనిమిదిన ప్రయాణం. పిల్లని వెంట తీసుకెళ్లాలంటే అది మా పిల్లే అని కాగితం ఉండాలి. బడి అని నీకు అబద్ధం చెప్పాను. నువ్వు చదవకుండా పెట్టేస్తావని అనుకున్నాను. నువ్వింకా కోలుకోలేదు కదా, డాక్టరు పిల్లని దగ్గర పెట్టుకోవచ్చని అనలేదు కదా, మరి దాన్ని ఎవరి దగ్గర వదిలి వెళ్లను అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంకొకటుంది. నీ ఉత్తరాలు వచ్చినప్పుడు అది ఏమైనా అడుగుతుందా అన్నావు. అడుగుతుంది. "పిన్ని ఏం రాసింది?" అని అడుగుతుంది.

దానికి రెండేళ్లప్పుడు నీ ఫోటో పట్టుకొచ్చి ఎవరని అడిగింది. అప్పటికే నన్ను అమ్మా అంటోంది. ఇద్దరు అమ్మలంటే పసిది తికమకపడుతుందని పిన్ని అని చెప్పాను. కాదు, ఇది కూడా అబద్ధమే. అది తికమకపడుతుందని కాదు. నాకు ఆ పిలుపు కావాలి చిన్నీ. పన్నెండేళ్లు ఎదురుచూశాను. ఒక్కసారి విన్నాక ఇక నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు.

అక్క


కళ్లద్దాల వర్క్‌షాపు, మేడమీద గది
జూలై 15

అక్కా,

పిన్నినా? నేను దానికి పిన్నినా?

ఈ ఒక్క వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు రాసినవన్నీ చింపేశాను. నువ్వు నా చేతికి దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. పనిలోకి వెళ్లలేదు. యజమానురాలు పైకి వచ్చి తలుపు కొట్టి, కంచం గుమ్మంలో పెట్టి, ఏమీ అడక్కుండా దిగిపోయింది.

నేను సంతకం పెట్టను. ఆ పెన్సిల్ గుర్తు మీదే కాదు, ఎక్కడా పెట్టను. మీ ఆఫీసే రాసింది, ఈ క్షణందాకా అది నాదని. నాదే.

ఇక నా సంగతి. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. లేకపోతే నిన్ను తిట్టే హక్కు నాకుండదు. పోయిన నవంబరులోనే డాక్టరు నాకు పూర్తిగా నయమైందని చెప్పారు. ఎక్స్‌రే దీపం మీద పెట్టి చూపించి, "వెళ్లమ్మా, వెళ్లి పిల్లని తెచ్చుకో" అన్నారు. ఎనిమిది నెలలైంది. నీకు రాయలేదు.

ఎందుకో తెలుసా? జనవరిలో వచ్చాను. నీకు చెప్పకుండా బస్సెక్కి వచ్చాను. ముందు బడి దగ్గర చూద్దామని ఎదురుగా ఉన్న స్టేషనరీ కొట్టు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టారు. అది పరిగెత్తుకుంటూ వచ్చి గేటులో బోర్లా పడింది. నా కాళ్లు కదిలాయి. అంతలో అది "అమ్మా!" అంది. నువ్వు గబగబా వెళ్లి ఎత్తుకున్నావు. మోచెయ్యి ఊదావు. అది నీ మెడ కౌగిలించుకుంది. నేను కొట్టువాడి దగ్గర అక్కర్లేని రబ్బరు ఒకటి కొనుక్కుని వచ్చిన బస్సే ఎక్కాను. నేను వెళ్లి పిలిస్తే అది భయపడి నీ చీర వెనక దాక్కుంటుందని భయమేసింది అక్కా. జబ్బప్పుడు కూడా అంత భయపడలేదు. అప్పటి నుంచి రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. నేను అలా ఊరుకోకపోతే నువ్వు ఈ కాగితం దాకా వచ్చేదానివి కాదేమో.

నేను పోలీసుల్ని వెంటబెట్టుకుని రాను. ఏడుస్తున్న పిల్లని నీ చేతుల్లోంచి లాక్కుని పోను. కానీ అది విమానం ఎక్కదు. నువ్వే దానికి చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పు. ప్లీడరు కాదు, బావ కాదు. నువ్వు చెప్తేనే అది నమ్ముతుంది.

ఇరవై ఎనిమిది దగ్గరకొస్తోంది. నువ్వు చెప్పకుండా వెళ్లిపోతావేమోనని గుమ్మం దగ్గర ఎవరు నడిచినా ఉలిక్కిపడుతున్నాను. నిన్ను ఇంకా నమ్ముతున్నాను, నా పిచ్చికి.

చెల్లి


వంటింటి బల్ల దగ్గర
జూలై 22

చిన్నీ,

చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే బావకి చదివి వినిపించాను. జనవరి సంగతి దగ్గర నేను చదవలేక ఆగిపోతే, ఆయనే తీసుకుని మిగతాది చదువుకున్నారు. తర్వాత లేచి, ప్రయాణానికి సర్దిన మూడు పెట్టెల్లో చిన్న పెట్టె విప్పి, దాని గౌన్లు ఒక్కొక్కటే బయటికి తీసి మడత పెట్టారు. "నాకు నోరు రాదు. నువ్వే చెప్పు" అన్నారు. ప్లీడరుకి కాగితాలు అక్కర్లేదని మర్నాడే చెప్పి వచ్చారు. ఇరవై ఎనిమిదిన ఆయన ఒక్కరే వెళ్తారు. నేను తర్వాత వెళ్తాను. పిల్ల నీ దగ్గర కుదురుకునేదాకా నీ గదిలోనో, పక్కన ఇంకెక్కడో ఉంటాను. నువ్వు వద్దంటే ఉండను. అది నువ్వు తేల్చాల్సిన విషయం.

మూడు రోజులు చెప్పలేకపోయాను. చెప్పకుండా పారిపోదామా అని కూడా అనుకున్నాను, దాచను. ఆదివారం పొద్దున్న దానికి జడలు వేస్తూ మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చోబెట్టుకుంటే నా వల్ల కాదని తెలిసి, దాని వీపు నా వైపు ఉన్నప్పుడే చెప్పాను. ఫోటోలో ఉన్నావిడ పిన్ని కాదు, నీ అమ్మ అన్నాను. నువ్వు ఆవిడ కడుపున పుట్టావు, ఆవిడకి జబ్బు చేస్తే నేను నిన్ను చూసుకున్నాను అన్నాను.

"మరి నువ్వెవరు?" అంది.

"పెద్దమ్మని" అన్నాను.

"పిన్నికి తెలుసా ఈ సంగతి?" అని అడిగింది. నవ్వొచ్చింది చిన్నీ, ఏడుపు కూడా వచ్చింది. తెలుసమ్మా, మొదటి నుంచీ తెలుసు అన్నాను.

"తెలిస్తే మరి ఎందుకు రాలేదు?"

నువ్వు జనవరిలో వచ్చి వెళ్లిపోయావని చెప్పలేదు. భయపడ్డావనీ చెప్పలేదు. ఐదేళ్లైనా నిండని దానికి అవన్నీ ఎందుకు? "నేనే రానివ్వలేదు" అన్నాను. "మీ అమ్మ నీ కోసం రోజూ అడిగేది. నేనే నిన్ను ఇవ్వలేదు" అన్నాను. నువ్వు కూడా ఎప్పటికీ ఇలాగే చెప్పు. మాట మార్చకు.

అది నా చేతుల్లోంచి జుట్టు లాక్కుంది. ఒక వైపు జడ, ఇంకో వైపు విరబోసిన జుట్టుతోనే వెళ్లి బావ పక్కన కూర్చుంది. మూడు రోజులైంది. అన్నం ఆయనే పెడుతున్నారు, స్నానం ఆయనే చేయిస్తున్నారు. నేను గదిలోకి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుంటోంది.

శనివారం పదకొండు గంటల బండికి దాన్ని తీసుకుని వస్తున్నాం. బావ కూడా వస్తున్నారు. లేకపోతే అది బండెక్కనంటోంది. నువ్వు స్టేషన్‌కి రా. అది నీ దగ్గరికి రాకపోతే కంగారుపడకు. నా దగ్గరికి కూడా రావడం లేదు.

అక్క